తెలియనివారి దగ్గర కొనేటప్పుడు



ఒక వస్తువు అసలు విలువ నాకు తెలుసు. అమ్మేవారికి తెలియదు. వారు అడిగిన ధర వారి చేతిలో పెట్టి ఆ వస్తువును ఇంటికి తెచ్చుకున్నాను. నేను అబద్ధం ఆడలేదు, బలవంతం చేయలేదు, కనీసం బేరం కూడా ఆడలేదు. మరి ఇందులో నా తప్పేమైనా ఉందా? ఈ వారం ఈ ప్రశ్న గురించి మీతో కలిసి కాస్త నెమ్మదిగా ఆలోచించాలని ఉంది.

ప్రశ్న చాలా పాతది. తత్వవేత్తలు, దైవశాస్త్ర పండితులు రెండు వేల ఏళ్లుగా దీనిమీద తర్కిస్తూనే ఉన్నారు. అయితే మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ఇళ్లలోకి ఇది ఒక కొత్త దారిలో వచ్చింది. ఇక్కడి కాలనీలలో నలభై, యాభై ఏళ్ల క్రితం కట్టుకున్న చిన్న ఇళ్లను ఇప్పుడు బిల్డర్లకు ఇచ్చి అపార్ట్‌మెంట్లు కట్టిస్తున్నారు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీది సామాను కిందికి దిగుతుంది. నల్లగొండ నుంచో, ఖమ్మం నుంచో, గుంటూరు నుంచో వచ్చినప్పుడు పెద్దలు మోసుకొచ్చిన ట్రంకు పెట్టె మూత తెరుచుకుంటుంది. అందులో పాత దస్తావేజులు, ఒక ఇత్తడి చెంబు, నాలుగు ఫోటోలు ఉంటాయి. ఎక్కడో ఒక ఇంట్లో, వాటి అడుగున, గుడ్డలో చుట్టిపెట్టిన ఒక పెద్ద నోటు కూడా ఉంటుంది.

మా విచారణలోని ఒక యువకుడికి ఇలాంటి నోట్లు సేకరించే అలవాటు ఉంది. చదువుకున్నవాడు, క్రమం తప్పకుండా పూజకు వచ్చేవాడు. అతనికి తెలిసిన ఒక వృద్ధురాలి పెట్టెలో ఆరవ జార్జి చక్రవర్తి బొమ్మతో ఉన్న వెయ్యి రూపాయల నోటు బయటపడింది. "ఇది చెల్లదని మా ఆయన ఎప్పుడో చెప్పాడు నాయనా. నీకు సరదా గదా, రెండు వేలిచ్చి తీసుకో. మనవరాలి కోచింగు ఫీజులో కలుస్తాయి" అన్నదట ఆమె. ఆ నోటు తెలిసినవారి మధ్య లక్ష రూపాయలకు తక్కువ పోదని అతని అంచనా. కొనే ముందు నా దగ్గరకు వచ్చాడు. "ఫాదర్, ఆమె అడిగిన దానికి ఇంకో వెయ్యి కలిపి ఇస్తాను. ఇది పాపం ఎట్లా అవుతుంది?" అని అడిగాడు. పేరు చెప్పకుండా ఈ సంగతి రాయవచ్చునని అతనే అన్నాడు. ఇలాంటి ప్రశ్న మనలో చాలామందికి ఏదో ఒక రూపంలో ఎదురయ్యేదే కనుక రాస్తున్నాను.

ఆ నోటు పెట్టెలోకి ఎలా వచ్చింది?

న్యాయం చెప్పే ముందు కథ తెలుసుకోవాలి. బ్రిటిష్ ప్రభుత్వం 1861లో ఒక చట్టం చేసి కాగితపు నోట్లు ముద్రించే అధికారాన్ని తన చేతిలోకి తీసుకుంది. 1935లో రిజర్వు బ్యాంకు ఏర్పడింది. 1938లో ఆ బ్యాంకు సొంత నోట్లు విడుదల చేసింది. వాటిలో వెయ్యి రూపాయల నోటు, పది వేల రూపాయల నోటు కూడా ఉన్నాయి. పది వేలకు మించిన నోటును రిజర్వు బ్యాంకు ఆ తర్వాత ఎన్నడూ ముద్రించలేదు. ఆనాటి కూలి మనిషి అలాంటి నోటును చేత్తో తాకి ఉండడు.

మన ప్రాంతం అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది. ఎల్.బి.నగర్ అనే పేరే ఇంకా పుట్టలేదు. ఇక్కడ ఉస్మానియా సిక్కా చెలామణిలో ఉండేది. 1918 నుంచి నిజాం ప్రభుత్వం సొంత నోట్లు వేసింది, వాటిలోనూ వెయ్యి రూపాయల నోటు ఉండేది. జనం నిజాం రూపాయిని హాలీ అనీ, బ్రిటిష్ రూపాయిని కల్దార్ అనీ పిలిచేవారు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్ రూపాయలకు సమానం. ఈ లెక్క చెప్పగలిగిన పెద్దలు మన ఇళ్లలో ఇప్పుడు చాలా అరుదు. హైదరాబాదు భారతదేశంలో కలిసిన తర్వాత 1950లలో హాలీ నోట్లు క్రమంగా కనుమరుగయ్యాయి.

కల్దార్ పెద్ద నోట్లకు అంతకంటే ముందే దెబ్బ తగిలింది. 1946 జనవరి 12న ప్రభుత్వం ఒక ఆర్డినెన్సు జారీ చేసి 500, 1000, 10,000 రూపాయల నోట్లను రద్దు చేసింది. యుద్ధకాలంలో పోగుపడిన నల్లధనాన్ని బయటికి లాగాలన్నది ఉద్దేశం. నోటు మార్చుకోవాలంటే అది ఎలా వచ్చిందో, ఎందుకు దాచుకున్నారో కాగితం మీద రాసి ఇవ్వాలి. అప్పటికి చెలామణిలో ఉన్న ఆ పెద్ద నోట్ల మొత్తం విలువ 143.97 కోట్ల రూపాయలు. 1947 చివరి నాటికి 134.9 కోట్ల రూపాయల నోట్లు వెనక్కి వచ్చాయి. మిగిలిన 9.07 కోట్ల రూపాయల నోట్లు రాలేదు.

ఈ తొమ్మిది కోట్ల దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఆ నోట్లు ఎందుకు రాలేదు? కొందరు లెక్క చెప్పలేని దొంగ సొమ్ము దాచారు, నిజమే. కాని అందరూ అలాంటివారేనా? వార్త అందనివారు ఉండరా? కాగితం నింపడానికి భయపడినవారు ఉండరా? నోటు దాచిన చోటు ఎవరికీ చెప్పకుండా కన్ను మూసినవారు ఉండరా? సేకరించేవారు ఈనాడు వెతుకుతున్న 1938 నాటి పెద్ద నోట్లలో చాలావరకు ఆ రానివాటిలో మిగిలినవే. అంటే ఆ నోటు అరుదు కావడానికి కారణం ఎవరో ఒకరి నష్టం.

మన నిజాం నోట్లలోనూ ఇలాంటి కథ ఒకటి ఉంది. 1922 మే 20న 'ఈజిప్ట్' అనే ఓడ ఫ్రాన్సు తీరానికి దగ్గరలో పొగమంచులో మరో ఓడను ఢీకొని మునిగిపోయింది. ఎనభై మందికి పైగా చనిపోయారు. ఆ ఓడలో బంగారం, వెండితో పాటు నిజాం ప్రభుత్వం కోసం ఇంగ్లండులో ముద్రించిన నోట్లు కూడా ఉన్నాయి. పదేళ్ల తర్వాత, 1932లో, ఇటలీ గజ ఈతగాళ్లు లోతు నీటిలోంచి ఆ సంపద వెలికి తీసినప్పుడు కొన్ని నోట్లు కూడా పైకి వచ్చాయి. సేకరణకర్తలు ఇప్పుడు వాటిని ఎంతో అపురూపంగా చూస్తారు. 1918 జూలైలో జర్మనీ జలాంతర్గామి ముంచిన 'షిరాలా' ఓడ నుంచి దక్కిన రెండు పది రూపాయల నోట్లను 2024 మే నెలలో లండనులో వేలం వేస్తే, రెండూ కలిపి సుమారు పన్నెండు వేల పౌండ్లు పలికాయి. మన లెక్కలో పన్నెండు లక్షల రూపాయలకు పైమాటే. సేకరించడం తప్పని నేను అనడం లేదు. చరిత్రను చేతిలో పట్టుకుని చూడాలన్న కోరిక మంచిదే. అయితే అరుదైన వస్తువును చేతిలోకి తీసుకున్నప్పుడు, దాన్ని అరుదుగా చేసిన దుఃఖాన్ని కూడా గుర్తుంచుకోవాలి.

ఆ వృద్ధురాలి కుటుంబం 1946లో ఒకసారి వెయ్యి రూపాయలు పోగొట్టుకుంది. బహుశా తెలియకపోవడం వల్లనే పోగొట్టుకుంది. ఇప్పుడు, ఇన్నేళ్ల తర్వాత, తెలియకపోవడం వల్లనే మరోసారి పోగొట్టుకోవాలా?

చట్టం ఏమంటుంది?

యువకుడి వాదం తేలిక వాదం కాదు. మన దేశపు చట్టం చాలావరకు అతని పక్షానే ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 17వ సెక్షను మోసాన్ని నిర్వచిస్తూ, కేవలం మౌనంగా ఉండటం మోసం కాదని చెబుతుంది. ఒక ఉదాహరణ కూడా ఇస్తుంది. ఇద్దరు వ్యాపారుల్లో ఒకరికి ధరలు మారబోతున్న సంగతి ముందే తెలిసినా, రెండోవారికి చెప్పవలసిన బాధ్యత లేదు. 20వ సెక్షను మరో మాట అంటుంది. వస్తువు విలువ గురించి పొరపాటు అభిప్రాయం ఉన్నంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదు.

కాని అదే 17వ సెక్షనులో మరి రెండు ఉదాహరణలు ఉన్నాయి. తండ్రి కూతురికి గుర్రాన్ని అమ్ముతున్నాడు. కూతురికి అప్పుడే మైనారిటీ తీరింది. గుర్రంలో లోపం ఉంటే తండ్రి చెప్పి తీరాలి, ఎందుకంటే వారి మధ్య ఉన్న బంధం అలాంటిది. ఇంకో ఉదాహరణలో కొనేవాడు, "నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను" అంటాడు. అమ్మేవాడు నోరు మెదపడు. అక్కడ మౌనమే మాటతో సమానం అంటుంది చట్టం.

ఇప్పుడు మన వృద్ధురాలి మాట మళ్లీ వినండి. "చెల్లదని మా ఆయన చెప్పాడు నాయనా" అన్నది. ఎదుట ఉన్నవాడు ఈ విషయాలు తెలిసినవాడని ఆమెకు తెలుసు. ఆ మాటలో ఒక ప్రశ్న దాగి ఉంది: ఇది ఉత్త కాగితమే గదా? అతను ఊరకుంటే, అవునని జవాబు చెప్పినట్టే. పైగా ఆమె పిలిచిన పిలుపు చూడండి. నాయనా అన్నది. బజారులో ముఖం తెలియని వ్యాపారిని ఎవరూ అలా పిలవరు. నాయనా అని పిలిపించుకున్నవాడు అపరిచిత వ్యాపారికి ఉన్న హక్కులను అడగడం ధర్మమేనా?

కోర్టు దీన్ని ఒప్పుకుంటుందో లేదో నేను చెప్పలేను, అది నా పని కాదు. చట్టం గీత గీస్తుంది. ఆ గీతకు ఇవతల ఉన్నదంతా మంచిదే అని మాత్రం చట్టం కూడా అనదు.

పెద్దలు ఏమన్నారు?

క్రీస్తుకు ముందే రోము తత్వవేత్త సిసెరో ఇలాంటి చిక్కు ప్రశ్న వేశాడు. రోడ్సు దీవిలో కరవు. ఒక మంచి వర్తకుడు అలెగ్జాండ్రియా నుంచి ధాన్యం తెచ్చాడు. వెనకాల మరెన్నో ధాన్యపు ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు, ఊరివారికి తెలియదు. చెప్పాలా, లేక చెప్పకుండా ఎక్కువ ధరకు అమ్ముకోవాలా? చెప్పాలని సిసెరో తీర్పు. పదమూడవ శతాబ్దంలో పునీత తోమస్ అక్వినాస్ దాదాపు ఇదే ప్రశ్నను పరిశీలించి, న్యాయం కచ్చితంగా అతన్ని బంధించదని, చెబితే మాత్రం అది మరింత సుగుణమని అన్నాడు. రేపు ధర పడిపోవచ్చు. కాని ఈ రోజు బజారులో ఉన్న ధర అదే కనుక, అతను ఆ ధరకు అమ్మితే అన్యాయం కాదని అతని తర్కం.

యువకుడు ఇది చదివితే సంతోషిస్తాడు. కాని అక్వినాస్ అక్కడ ఆగలేదు. అదే చర్చలో మరో సంగతి చెప్పాడు. అమ్మేవాడు తన దగ్గర ఉన్నది ఇత్తడి అనుకుని బంగారాన్ని అమ్ముతున్నాడు. కొనేవాడికి అది బంగారమని తెలుసు. తెలిసీ ఇత్తడి ధరకు కొంటే అది అన్యాయమైన కొనుగోలు, నష్టపరిహారం చెల్లించి తీరాలి. రెండు సందర్భాలకూ తేడా ఏమిటంటే, మొదటిదాంట్లో ధాన్యం ధాన్యమేనని ఇద్దరికీ తెలుసు, తెలియనిది రేపటి ధర ఒక్కటే. రెండోదాంట్లో వస్తువు ఏమిటన్నదే ఒకరికి తెలియదు.

మన నోటు ఈ రెంటిలో దేనికి చెందుతుంది? "అది వెయ్యి రూపాయల నోటని ఆమెకు కళ్లతో కనిపిస్తూనే ఉంది, నేనేం దాచాను?" అని యువకుడు అంటాడు. ఇక్కడే కొంచెం లోతుకు వెళ్లాలి. నోటు అంటే ఏమిటి? అడిగిన వెంటనే ఇంత సొమ్ము చెల్లిస్తానని ఇచ్చిన మాట. కాగితం ఆ మాటను మోసే వాహనం. 1946 జనవరిలో ఆ మాట చచ్చిపోయింది. ఆ నాటి నుంచి అది డబ్బు కాదు. డబ్బుగా చూస్తే దాని విలువ సున్న. ఆ తర్వాత ఏళ్లు గడిచిన కొద్దీ అదే కాగితం మరో వస్తువుగా మారింది. చరిత్రకు సాక్ష్యంగా, అరుదైన సేకరణ వస్తువుగా మారింది. ముద్ర అదే, సంఖ్య అదే, జాతి మాత్రం వేరు.

ఆమె అమ్ముతున్నాననుకున్నది చచ్చిన డబ్బును. అతను కొంటున్నది బతికి ఉన్న చరిత్ర వస్తువును. ఇద్దరూ ఒకే కాగితాన్ని చూస్తున్నారు గాని ఒకే వస్తువును చూడడం లేదు. కనుక ఇది రేపటి ధర తెలియని ధాన్యం బేరం కాదు, ఇత్తడి అనుకుని అమ్మిన బంగారం బేరమే. ఆ కాలపు రాజ్య చట్టం కూడా ధరలో సగానికి మించి మోసపోతే సరిచేయాలనేదని అక్వినాస్ గుర్తు చేస్తాడు. ఇక్కడ లక్షకు రెండో మూడో వేలు. సగం ఎక్కడ, ఇది ఎక్కడ!

అంతకు ఎనిమిది వందల ఏళ్ల ముందే పునీత అగుస్తీను త్రిత్వం గురించి రాసిన గ్రంథంలో తాను ఎరిగిన ఒక మనిషి సంగతి చెప్పాడు. అతని దగ్గరకు ఎవరో ఒక చేతిరాత పుస్తకాన్ని అమ్మకానికి తెచ్చారు. దాని విలువ తెలియక చాలా తక్కువ అడిగారు. అతనికి విలువ తెలుసు. అమ్మేవాడు కలలో కూడా ఊహించని న్యాయమైన ధరను అతని చేతిలో పెట్టి ఆ పుస్తకం తీసుకున్నాడు. తక్కువకు కొనాలి, ఎక్కువకు అమ్మాలి అన్నది లోకమంతటి కోరిక అని నవ్వే మాటకు ఎదురుగా అగుస్తీను ఈ ఒక్క మనిషిని నిలబెట్టాడు. అంతమంది కోరిక అయినా, అందరికీ తప్పనిసరి కాదని చూపించడానికి ఒక్కడు చాలు.

యువకుడి వాదాలు

అతని వాదాలను తీసిపారేయకుండా ఒక్కొక్కటి చూద్దాం.

"ఆ విలువ తెలుసుకోవడానికి నేను పుస్తకాలు కొన్నాను, ఏళ్లు శ్రమపడ్డాను. నా చదువుకు ఫలం ఉండవద్దా?" ఉండాలి. మనం పాత నగను కంసాలి దగ్గరకు తీసుకెళ్తాం. గీటురాయి మీద గీసి చూడటం అతని విద్య. ఆ విద్యకు కూలి ఉంది, వ్యాపారంలో లాభం ఉంది. కాని గీసి చూసి, బంగారమని తెలుసుకుని, నోరు మూసుకుని ఇత్తడి ధరకు పుచ్చుకుంటే ఆ కంసాలిని మనం ఏమంటాం? విద్యావంతుడు అంటామా? గీటురాయికి ఉన్న నీతే నోట్ల కేటలాగుకూ ఉంటుంది.

"నేను కొనకపోతే ఆ పెట్టెతో పాటు పాత పేపర్ల బండికి వేసేది గదా?" నిజం కావచ్చు. పోగొట్టుకోబోయే వస్తువును కాపాడినందుకు అతనికి కృతజ్ఞత దక్కాలి. కాని మురికి కాలువలో పడబోయే పర్సును పట్టుకున్నంత మాత్రాన పర్సు నాది అయిపోదు.

"ఈ వ్యాపారంలో అందరూ ఇంతే." వేలంలోనో, నోట్ల ప్రదర్శనలోనో ఇద్దరు తెలిసినవారు ఒకరితో ఒకరు పోటీపడటం వేరు. అక్కడ ఎవరి తెలివికి వారే కాపలా. ఆ నియమాన్ని ఒక ముసలమ్మ వంటింట్లోకి తీసుకురాకూడదు.

చివరి వాదం అందరికంటే మనకు దగ్గరది. "క్రీస్తు ప్రభువు చెప్పిన ఉపమానంలో పొలంలో నిధి దొరికినవాడు యజమానికి చెప్పలేదు గదా ఫాదర్! మళ్లీ దాచిపెట్టి పొలం కొన్నాడు" అన్నాడు యువకుడు. మత్తయి సువార్త 13వ అధ్యాయం బాగానే చదివాడు. కాని ఆ ఉపమానం భూమి బేరం నేర్పడానికి చెప్పినది కాదు. దేవుని రాజ్యం దొరికినవాడి ఆనందం ఎంతటిదో చెప్పడానికి చెప్పినది. అన్యాయం చేసిన గృహనిర్వాహకుడి ముందుచూపును ప్రభువు మెచ్చుకున్నప్పుడు దొంగలెక్కలను మెచ్చుకోలేదు గదా. ఇంకొకటి గమనించండి. నిధి దొరికినవాడు తనకు ఉన్నదంతా అమ్మి ఇచ్చాడు. మన సేకరణకర్త ఇవ్వజూపేది తన జేబులోని చిల్లర. ఉపమానాన్ని పాటించాలంటే మొత్తం పాటించాలి.

పవిత్ర గ్రంథంలో మన బేరాలకు సూటిగా తగిలే మాటలు వేరే చోట ఉన్నాయి. కొనేటప్పుడు వస్తువు బాగాలేదని మూతి విరిచి, ఇంటికి వెళ్లాక మంచి బేరం దొరికిందని గొప్పలు చెప్పుకునే మనిషిని సామెతల గ్రంథం 20వ అధ్యాయం పట్టి చూపిస్తుంది. రెండు రాళ్ల సందులో మేకు దిగినట్టు అమ్మకానికి, కొనుగోలుకు మధ్య పాపం దిగబడుతుందని సీరా గ్రంథం 27వ అధ్యాయం హెచ్చరిస్తుంది.

అయితే ఏం చేయాలి?

ఆ యువకుడికి చెప్పినదే మీకూ చెబుతాను. మొదట ఆ వస్తువు ఏమిటో చెప్పు: అమ్మా, ఇది డబ్బుగా చెల్లదు గాని దీన్ని కొనేవారు ఉన్నారు. తర్వాత అలాంటివి సుమారుగా ఎంత పలుకుతున్నాయో చెప్పు. తర్వాత నీ శ్రమకు, నీ పెట్టుబడికి, నకిలీ కావచ్చుననే భయానికి తగినంత మినహాయించుకుని నీ ధర చెప్పు. ఆమె కొడుకునో, చదువుకున్న మనవరాలినో అడిగి నిర్ణయించుకోవడానికి నాలుగు రోజులు వ్యవధి ఇవ్వు. అంతా తెలిసిన తర్వాత కూడా "ఫరవాలేదు, తక్కువకే తీసుకో నాయనా" అంటే అది ఆమె ఇచ్చే కానుక. తెలిసి ఇస్తేనే కానుక అవుతుంది.

ఇలా చేస్తే నోటు చేజారిపోవచ్చు. ఆమె మరొకరికి అమ్మవచ్చు. ఆ నష్టానికి సిద్ధపడకుండా ఈ నీతి పాటించడం కుదరదు, ఈ మాట దాచను. ఒక చిన్న పరీక్ష ఉంది. నువ్వు ఆ నోటును ఎంతకు అమ్మావో రేపు దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో ఆమె ఎదురై అడిగితే, తల ఎత్తి చెప్పగలవా? చెప్పగలిగితే అది న్యాయమైన బేరం. మాట మార్చాలనిపిస్తే, ఎందుకు అనిపించిందో నీ మనస్సాక్షికి తెలుసు.

పాత నోట్లు ఉన్న కుటుంబాలకు కూడా ఒక మాట. తెలియకపోవడం అనే బలహీనతను ఇంకో రకంగా వాడుకునేవారు ఉన్నారు. మీ పాత నోటుకు లక్షలు ఇస్తాం, ముందుగా కమీషను కట్టండి అంటూ రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ఫోన్లు చేస్తారు. తాము అలాంటి వ్యవహారాలు చేయబోమని, ఎవరికీ అలాంటి అనుమతి ఇవ్వలేదని ఆ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. ఒక్క పైసా కట్టకండి. అలాగే ప్రతి పాత నోటూ నిధి కాదు. 2016 నవంబరులో రద్దయిన 500, 1000 నోట్లను ఎవరైనా పదికి మించి దగ్గర ఉంచుకోకూడదని, అధ్యయనానికో సేకరణకో అయితే ఇరవై అయిదుకు మించరాదని 2017 నాటి చట్టం చెబుతోంది. పిల్లలకు పాత డబ్బు కథ చెప్పాలంటే ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి లక్డీకాపూల్‌లో దిగండి. సైఫాబాదు పాత టంకశాలలో 2022లో ప్రదర్శనశాల తెరిచారు. కొనకుండానే చూడవచ్చు.

ఈ విషయం నోట్లతో ముగిసేది కాదు. మనలో నోట్లు సేకరించేవారు కొందరే. కాని ఊళ్లో ఉన్న అన్నకు తెలియని రోడ్డు ప్లాను మనకు తెలిసి అతని పొలం అడిగినప్పుడు, చదువురాని వదినెగారి చేత వాటా కాగితం మీద వేలిముద్ర వేయించినప్పుడు, పనిమనిషికి పక్క కాలనీలో ఎంత జీతం ఇస్తున్నారో చెప్పకుండా దాచినప్పుడు, మనమందరమూ ఆ యువకుడి స్థానంలోనే నిలబడి ఉంటాం. ఎదుటివారి తెలియనితనం మన ఆస్తి కాదు. అది వారి అవసరం. అవసరంలో ఉన్నవారి పట్ల మనకు బాధ్యత ఉంటుంది.

ఇప్పటికే అలాంటి బేరం ఒకటి చేసి ఉన్నామే అని ఎవరికైనా ఈ పంక్తులు చదువుతుండగా గుర్తుకు వస్తే, నిరాశ పడవద్దు. జక్కయ్య నాలుగింతలు ఇస్తానన్నాడు. మీరు కనీసం తేడా సొమ్ము తీసుకుని ఆ గడప తొక్కండి. అమ్మినవారు లేకపోతే వారి పిల్లలకు ఇవ్వండి, వారూ దొరకకపోతే పేదలకు చేర్చండి. 1946లో ఆ పెద్ద నోట్లు మార్చుకోవడానికి ఒక గడువు ఉంది, గడువు దాటినవి కాగితాలయ్యాయి. ఎదుటివారికి మనం బాకీపడిన న్యాయానికి అలాంటి గడువు లేదు. ఈ రోజు ఇచ్చినా చెల్లుతుంది.